‘పాసవుట్’ వెనక రెండు తేదీలు

ఆఫ్-క్యాంపస్ నోటిఫికేషన్లు పడే కాలం వచ్చిందంటే ఈ తగువూ లేస్తుంది. ఈసారీ లేచింది. ‘2024, 2025 పాసవుట్స్ మాత్రమే’ అని ఏదో కంపెనీ ప్రకటనలో ఉంటుంది. అది చూసి ఎవరో నవ్వుతారు: రెండు బ్యాచ్‌ల పిల్లలు మొత్తం ఒకేసారి కళ్లు తిరిగి పడిపోయారా అని.

నవ్వేవాళ్ల వాదన చిన్నది. ఇంగ్లీషులో ‘పాస్ అవుట్’ అంటే స్పృహ తప్పడం, చదువు పూర్తి చేస్తే ‘గ్రాడ్యుయేట్’ అనాలి అంటారు. అమెరికాలో ఇంటర్వ్యూకి కూర్చుని ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022’ అంటే అవతలివాళ్లు ఒక్క క్షణం తడబడతారు. అది నిజమే, కాదనేవాళ్లు లేరు. కానీ దీన్ని మనవాళ్లు ఇంగ్లీషు రాక పుట్టించిన వింతమాట అనడం వేరు సంగతి. ఆ మాట పుట్టినప్పుడు దాన్ని వాడినవాళ్లు ఇంగ్లీషువాళ్లే. మనం దాన్ని పట్టుకుని వేలాడటానికి గట్టి కారణం ఒకటుంది. ఆ కారణం విలువెంతో అమెరికా వలస శాఖ 2017లో తేల్చాల్సి వచ్చింది.

‘పాస్’ ఫ్రెంచి మీదుగా ఎలా వచ్చిందో, ‘పాస్ అవే’ చావుకు ఎప్పుడు అంటుకుందో నిఘంటువు తిప్పితే దొరుకుతుంది, వదిలేద్దాం. లాటిన్‌లో దాని మూలానికి ‘అడుగు’ అని అర్థం. అదొక్కటి గుర్తుంచుకుంటే చాలు, కాసేపట్లో పనికొస్తుంది.

లండన్‌కు దక్షిణాన క్రోయ్‌డన్ దగ్గర ఆడిస్కోంబ్ అనే చోట ఈస్టిండియా కంపెనీ 1809లో ఒక సైనిక విద్యాలయం పెట్టింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ 1818లో, పదిహేనేళ్ల వయసులో చేరింది అక్కడే. చదువు చివర పబ్లిక్ పరీక్ష ఉండేది. ఆ పరీక్షలో ఎన్నో స్థానంలో నిలిచాడన్నదే కుర్రాడి బతుకు తేల్చేది. పై వరుసలో ఉంటే ఇంజనీర్స్, ఆ తర్వాతివాళ్లకు ఆర్టిలరీ, మిగిలినవాళ్లు పదాతిదళంలోకి. కాటన్ మద్రాసు ఇంజనీర్స్‌కు వచ్చాడు. లోపలికి రావడానికి ఒక పరీక్ష, బయటికి పోవడానికి ఇంకోటి. మొదటిది నెగ్గితే ‘పాస్ ఇన్’, రెండోది నెగ్గితే ‘పాస్ అవుట్’. వూలిచ్, శాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయాల్లోనూ ఇదే భాష. ఆ కాలపు అధికారుల జీవితచరిత్రల్లో ‘పాస్డ్ అవుట్ ఆఫ్ ఆడిస్కోంబ్’, ‘పాస్డ్ అవుట్ ఫస్ట్’ అన్న మాటలు కొల్లలు. ఇందులో ‘అవుట్’ ఊరికే తగిలించిన తోక కాదు, ‘ఇన్’కు జత. జత విడిపోయి ఒకటే మిగిలేసరికి ఈ తరానికి అది వింతగా వినిపిస్తోంది.

ఆడిస్కోంబ్ ఇచ్చేది డిగ్రీ కాదు, సైన్యంలో కమిషన్, అంటే అధికారి హోదా. కాబట్టి అక్కడ చదివినవాణ్ణి ‘గ్రాడ్యుయేట్ అయ్యాడు’ అనడం కుదరదు. చదువు ముగిసింది, పరీక్ష నెగ్గాడు, గేటు దాటాడు. ఈ మూడింటినీ కలిపి చెప్పే మాట కావలసి వచ్చింది.

ఆ మాట సైన్యం నుంచి ఇంజనీరింగ్‌లోకి దిగడానికి పెద్ద దూరం లేదు. రూర్కీ కాలేజీ 1847లో మొదలైంది. మన దేశంలో పబ్లిక్ వర్క్స్ శాఖకు ఇంజనీర్లను తయారు చేయడానికి ఇంగ్లండ్‌లోనే కూపర్స్ హిల్ కాలేజీని 1872లో తెరిచారు, 1906లో మూసేశారు. కాలవలూ రైలు వంతెనలూ కట్టిన తెల్లదొరలు ‘కూపర్స్ హిల్ నుంచి పాస్ అవుట్’ అయి వచ్చినవాళ్లు. ఇవాళ మన దగ్గర ఈ మాట బీఏ వాళ్ల కంటే బీటెక్ వాళ్ల నోట ఎక్కువ వినిపించడానికి ఈ వారసత్వం కొంత కారణమని నా అనుమానం.

ఇంతవరకూ మాట వచ్చిన దారి. అది ఇక్కడే స్థిరపడిపోవడానికి మూలం మాత్రం 1857లో ఉంది.

మన దేశంలో చదువులు ఎలా ఉండాలో చెప్పిన 1854 నాటి వుడ్స్ డిస్పాచ్ ప్రకారం కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఆ ఏడాది పెట్టారు. నమూనా లండన్ విశ్వవిద్యాలయం. అంటే విశ్వవిద్యాలయం పాఠం చెప్పదు, పరీక్ష పెట్టి డిగ్రీ ఇస్తుంది. పాఠం చెప్పే కాలేజీ డిగ్రీ ఇవ్వదు. మరుసటేడు కలకత్తాలో మొదటి బీఏ పరీక్షలో గట్టెక్కింది ఇద్దరే, బంకించంద్ర చటర్జీ ఒకరు. ఆ ఇద్దరినీ గ్రేసు మార్కులతో ఒడ్డున పడేశారు. మద్రాసులో మొదటి ఇద్దరు పట్టభద్రులు యాళ్పాణం (శ్రీలంకలోని జాఫ్నా) తమిళులు. తప్పినవాణ్ణి అప్పట్లో ‘ప్లక్’ అయ్యాడనేవారు. ఆ మాట పోయింది, పద్ధతి మిగిలింది.

పద్ధతి మిగలడం వల్లే మన విద్యార్థికి చదువు ఒకసారి కాక రెండుసార్లు ముగుస్తుంది. ఆఖరి సెమిస్టర్ ఫలితాలు వచ్చి, కాలేజీలో టీసీ తీసుకుని బయటపడేది ఒక రోజు. విశ్వవిద్యాలయం స్నాతకోత్సవం పెట్టి పట్టా చేతికిచ్చేది ఇంకో రోజు. ఈ రెంటికీ మధ్య ఆరు నెలలు పట్టొచ్చు, ఒక్కోచోట ఏళ్లూ పట్టొచ్చు. 1918 నాటి ఉస్మానియా అయినా, 1926 నాటి ఆంధ్ర అయినా, 1972లో పుట్టి తర్వాత ముక్కలైన జేఎన్‌టీయూ అయినా అనుబంధ కాలేజీలకు ఇదే లెక్క. నిఖార్సుగా చెప్పాలంటే ‘గ్రాడ్యుయేట్’ అయ్యేది రెండో రోజున. మరి మొదటి రోజును ఏమనాలి? అమెరికాలో చదువు చెప్పిన విశ్వవిద్యాలయమే డిగ్రీ కూడా ఇస్తుంది గనక ఈ ప్రశ్న అంతగా రాదు. మనకు వచ్చింది, జవాబుగా పాత సైనిక మాట సిద్ధంగా ఉంది. తెలుగులోనూ ‘కాలేజీ నుంచి బయటికొచ్చి మూడేళ్లయింది’ అంటాం గానీ ‘పట్టా పుచ్చుకుని మూడేళ్లయింది’ అనం కదా.

స్పృహ తప్పే అర్థం వయసులో దీనికంటే చిన్నది. 1910ల నాటి అమెరికన్ వాడుక, ముఖ్యంగా తాగి పడిపోయినవాళ్ల గురించి. దానికి కాస్త ముందు అదే మాట చనిపోవడానికీ వాడారు. అక్కడి తరగతిలో కాగితాలు పంచిపెట్టడాన్నీ ‘పాస్ అవుట్’ అంటారు, దాన్ని చూసి మాత్రం ఎవరూ నవ్వరు. పేకాటలో, అంటే బ్రిడ్జ్‌లో, నలుగురూ వేలం వదులుకుంటే ఆ పంపకం ‘పాస్డ్ అవుట్’. ఒక మాటకు నాలుగు అర్థాలుండటం ఇంగ్లీషులో నేరం కాదు. అమెరికన్ అర్థం మిగతావాటిని తొక్కేసింది, అంతే. బ్రిటన్‌లో పాతదీ బతికే ఉంది. అక్కడి నిఘంటువులు ఇప్పటికీ సైన్యంలో ప్రాథమిక శిక్షణ ముగించడం అన్న అర్థాన్ని ‘బ్రిటిష్’ అని గుర్తు పెట్టి ఇస్తాయి.

కవాతు మైదానంలోనే అమెరికన్ అర్థంలో ‘పాస్ అవుట్’ అయిన సందర్భాలూ లేకపోలేదు. 2023 జూన్‌లో లండన్‌లో ప్రిన్స్ విలియం ముందు కవాతు రిహార్సల్ జరిగింది. 30 డిగ్రీల ఎండ, ఉన్ని కోట్లు, ఎలుగు చర్మపు టోపీలు. కనీసం ముగ్గురు సైనికులు సొమ్మసిల్లి పడిపోయారు.

మన దగ్గర పాత అర్థం ఏటా రెండుసార్లు పేపర్లకెక్కుతుంది. 1932లో డెహ్రాడూన్‌లో మిలిటరీ అకాడమీ తెరిచారు, మొదటి బ్యాచ్ 1934 డిసెంబరులో పాసింగ్ అవుట్. అందులో శామ్ మానెక్‌షా ఉన్నారు. ఇప్పటికీ కవాతు చివర కేడెట్లు నెమ్మది నడకతో చెట్‌వుడ్ భవనం మెట్లెక్కి ఒక గీత దాటుతారు. దాని పేరు ‘అంతిమ్ పగ్’, ఆఖరి అడుగు. లాటిన్ మూలం ఏమిటో ఆ పేరు పెట్టినవాళ్లకు తెలుసో లేదో గానీ, ‘పాస్ అవుట్’కు ఇంతకంటే కచ్చితమైన అనువాదం దొరకదు.

ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ సంగతి ఈ తగువుకు ఇంకా దగ్గర. అక్కడ డిగ్రీ జేఎన్‌యూది. 2025లో మే 29న స్నాతకోత్సవం, మే 30న పాసింగ్ అవుట్ పరేడ్. 17 మంది అమ్మాయిల మొదటి బృందం బయటికొచ్చింది ఆ పరేడ్‌లోనే. ఒక రోజు గ్రాడ్యుయేట్, మరునాడు పాసవుట్. అంతకంటే మెలిక: నౌకాదళ, వైమానిక దళ కేడెట్లలో బీటెక్ చదివేవాళ్లకు అక్కడ మూడేళ్లు పూర్తయినట్టు సర్టిఫికెట్ మాత్రమే ఇస్తారు. నాలుగో ఏడు ఎళిమల నౌకాదళ అకాడమీలోనో మన దుండిగల్ వైమానిక అకాడమీలోనో ముగిశాకే డిగ్రీ. వాళ్లు పాసవుట్ అయ్యారు, గ్రాడ్యుయేట్ కాలేదు. రెండూ ఒకటేనని వాదించేవాళ్లు వీళ్లను ఏ పెట్టెలో వేస్తారు? సరే, దుండిగల్ వైమానిక అకాడమీ తన కవాతుకు ‘కంబైన్డ్ గ్రాడ్యుయేషన్ పరేడ్’ అని పేరు పెట్టుకుందన్నది అవతలి పక్షానికి దక్కాల్సిన మాటే, దాచడమెందుకు.

ఇక 2017. అమెరికాలో ఈబీ-2 గ్రీన్‌కార్డుకు మాస్టర్స్ లేనివాళ్లు బ్యాచిలర్స్ తర్వాత అయిదేళ్ల అనుభవం చూపాలి. ఆ అయిదేళ్లు ఎప్పటినుంచి లెక్కెయ్యాలి? ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ మీది తేదీ నుంచా, స్నాతకోత్సవానికి ముందు తాత్కాలికంగా ఇచ్చే ప్రొవిజనల్ సర్టిఫికెట్ తేదీ నుంచా? స్నాతకోత్సవం ఆలస్యమైతే మనిషి రెండేళ్ల అనుభవం గాలికి పోతుంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో వలస శాఖ, తన అప్పీళ్ల కార్యాలయం ‘మ్యాటర్ ఆఫ్ ఓ-ఎ-’ అనే కేసులో ఇచ్చిన నిర్ణయాన్ని శాఖ మొత్తానికీ మార్గదర్శకంగా స్వీకరించింది. డిగ్రీకి కావలసినవన్నీ పూర్తయి, సంబంధిత కాలేజీ లేదా విశ్వవిద్యాలయ విభాగం డిగ్రీని ఆమోదించినట్టు తేలితే ప్రొవిజనల్ తేదీ నుంచే లెక్క వేయొచ్చంది. మాట ఏదైనా, మనవాళ్లు ‘పాసవుట్’ అని వేరుగా చెప్పుకుంటున్న రోజుకు విలువుందని ఒప్పుకున్నట్టే.

అలాగని రెజ్యూమెలో ఆ మాట రాయమని కాదు. బయటిదేశం వెళ్లే కాగితంలో అసలు క్రియే అక్కర్లేదు: ‘బీటెక్, మెకానికల్, మే 2022’, అంతే. వాక్యం తప్పనిసరైతే ‘కంప్లీటెడ్’ వాడితే ఏ ఖండంలోనూ గొడవ లేదు. ‘పాస్డ్ అవుట్ ది ఎగ్జామ్’ ఎక్కడా చెల్లదు, పరీక్షను ఊరికే ‘పాస్’ అవుతారు. పాత ఇంగ్లీషులో కాలేజీ ముందు ‘ఆఫ్’ వచ్చేది, మన వాడుకలో ‘ఫ్రమ్’ స్థిరపడింది. ‘ఎ 2022 పాసవుట్’ అంటూ మనిషినే ఆ పేరుతో పిలవడం మాత్రం అచ్చంగా మన సొత్తు, ‘డ్రాపవుట్’ మూసలో పోసింది. దానికి తెలుగు కూడా ఓ చెయ్యి వేసి ఉంటుంది. పాసు, అవుట కలిస్తే ‘పాసవుట’. చివర ఒక్క పొల్లు పెడితే ‘పాసవుట్’.

వెక్కిరింపుల గోలలో అసలు ఇబ్బంది మరుగున పడుతోంది. 2020లో చేరినవాళ్ల బ్యాచ్ 2024. అందులో ఒకరికి మూడో ఏడాది సబ్జెక్టు ఒకటి బ్యాక్‌లాగ్ పడి, 2025 ఫిబ్రవరి సప్లీలో పోయింది. కాలేజీ వాట్సాప్ గ్రూపులో అతను 2024 పాసవుట్. మార్కుల కన్సాలిడేటెడ్ మెమోలో, ప్రొవిజనల్‌లో ఉత్తీర్ణత నెల 2025 ఫిబ్రవరి. ‘2024 పాసవుట్స్ మాత్రమే’ అన్న ప్రకటనకు అప్లై చేస్తే ఫారంలో 2024 అని రాస్తాడు, ఆఫర్ వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మెమో చూసినవాళ్లు తేడా ఉందంటారు. ఇక్కడ ప్రకటన రాసినవాళ్ల మనసులో ఉన్నది బ్యాచా, మెమో తేదీయా అన్నది ఆ ఒక్క మాటలో తేలదు. ‘గ్రాడ్యుయేట్స్’ అని మార్చినా తేలదు, పైగా ఓడీ తేదీ మూడోదిగా వచ్చి చేరుతుంది. ‘2024 బ్యాచ్, బ్యాక్‌లాగులు ఫలానా నెలకల్లా పోయి ఉండాలి’ అని రాస్తే తేలుతుంది. ప్రకటనలో అలా లేకపోతే ఫారంలో మెమో మీదున్న నెలే వేయాలి, బ్యాచ్ సంవత్సరం పక్కన విడిగా చెప్పాలి.