పిల్లి జాతి పేరులో స్వభావం ఉండదు: అపోహలు - వాస్తవాలు

విశాఖలో పెంపుడు జంతువుల డాక్టరుగా పదిహేనేళ్ళ నుంచి పనిచేస్తున్నాను. మొదట్లో మా క్లినిక్‌కి రోజంతా కుక్కలే వచ్చేవి, పిల్లి అంటే వారానికి ఒకటో రెండో. ఇప్పుడు ఆదివారం పొద్దున్న చూస్తే బెంచీల మీద సగంమంది ఒళ్ళో పిల్లి బుట్టలే ఉంటున్నాయి. మధురవాడ, ఎండాడ వైపు అపార్ట్‌మెంట్లు పెరిగాయి, కుక్కని రెండు పూటలా కిందికి తిప్పే తీరిక లేనివాళ్ళు పిల్లిని తెచ్చుకుంటున్నారు. నాకు సంతోషమే. కానీ తెచ్చుకోకముందు వచ్చి అడిగేవాళ్ళు చాలా తక్కువ, తెచ్చుకున్నాక "డాక్టర్ గారూ, ఇది మేం అనుకున్నట్టు లేదండీ" అని వచ్చేవాళ్ళు చాలా ఎక్కువ. వాళ్ళు నాతో చెప్పే మాటల్లోంచే ఈ అపోహలు తీసుకున్నాను.

అపోహ: పర్షియన్ అంటే శాంతం, సయామీస్ అంటే గోల, బెంగాల్ అంటే దూకుడు. జాతి తెలిస్తే స్వభావం తెలిసినట్టే.

ముందు పిల్లి జాతులు ఎలా పుట్టాయో చూడండి. కుక్కల్లో చాలా జాతుల్ని మనిషి పని కోసం తయారుచేసుకున్నాడు. గొర్రెల్ని మళ్ళించడానికి ఒకటి, వేటకి ఒకటి, కాపలాకి ఒకటి. ఆ పని బాగా చేసినవాటికే తరతరాలుగా పిల్లల్ని పుట్టించారు కాబట్టి స్వభావం కూడా వెంట వచ్చింది. పిల్లికి ఎలకల్ని పట్టడం ఎవరూ నేర్పలేదు, అది తనంతట తనే చేసింది. మనం పేర్లు పెట్టి పిలిచే పిల్లి జాతుల్లో ఎక్కువ భాగం గత 150 ఏళ్ళలో అందం కోసం స్థిరపరిచినవే. 1871లో హారిసన్ వియర్ అనే చిత్రకారుడు లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పెద్ద పిల్లుల పోటీ ఏర్పాటుచేశాడు, ఆ తర్వాత ఈ పోటీల సందడి బాగా పెరిగింది. వాటిలో మార్కులు పడేది బొచ్చుకి, రంగుకి, ముఖం తీరుకి. అందుకే జాతి పేరు ముందుగా చెప్పేది పిల్లి ఎలా కనిపిస్తుందనే, ఎలా ఉంటుందనేది ఆ తర్వాతి మాట.

అలాగని జాతికి స్వభావంతో సంబంధమే లేదనడం కూడా తప్పే. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయం పరిశోధకులు వేల పిల్లుల యజమానుల్ని అడిగి 2019లో ప్రచురించిన అధ్యయనంలో జాతుల మధ్య తేడాలు స్పష్టంగానే కనిపించాయి. ఉదాహరణకి, మనుషుల దగ్గరికి తనంతట తాను రావడంలో బ్రిటిష్ షార్ట్‌హెయిర్ వెనకబడింది. వాళ్ళు లెక్కగట్టిన జాతుల్లో స్వభావపు తేడాల్లో దాదాపు సగం వంశపారంపర్యంగా వచ్చేదేనని తేలింది. మిగతా సగం పెంపకం, పరిసరాలు. పైగా ఆ వంశపారంపర్యం అన్నది మీ పిల్లిపిల్ల తల్లిదండ్రుల నుంచి రావాలి, అమ్మేవాడు చెప్పిన పేరు నుంచి కాదు.

మన ఊళ్ళో అసలు సమస్య అక్కడే ఉంది. "పర్షియన్" అని నా టేబుల్ మీదికి వచ్చే పిల్లుల్లో వంశావళి కాగితాలు ఉన్నవి చాలా అరుదు. బొచ్చు పొడుగ్గా ఉంటే పర్షియన్, అంతే. డాల్ ఫేస్, సెమీ పంచ్, పంచ్ ఫేస్, ట్రిపుల్ కోట్ అన్నవి ముఖం తీరునీ బొచ్చునీ చెప్పడానికి అమ్మకంలో పుట్టిన మాటలు, వాటిలో ఏదీ స్వభావం గురించి ఒక్క ముక్క చెప్పదు. పొడుగు బొచ్చు రావడానికి ప్రధానంగా ఒక్క జన్యువు చాలు, తల్లి నుంచీ తండ్రి నుంచీ అది అందితే మామూలు పిల్లికి కూడా కుచ్చు తోక ఉన్న పిల్ల పుడుతుంది. స్వభావం వెనక ఎన్నో జన్యువులు, వాటి పైన ఎన్నో అనుభవాలు ఉంటాయి. బొచ్చు చూసి బుద్ధిని ఊహించడం ఎందుకు కుదరదో ఇప్పుడు అర్థమవుతుంది.

నిజమైన సయామీస్ దొరికితే మాత్రం అది మాట్లాడుతూనే ఉంటుంది, పొద్దున్న ఎనిమిదికి వెళ్ళి రాత్రి ఎనిమిదికి వచ్చే ఇంట్లో ఒంటరిగా కుమిలిపోతుంది. నిజమైన బెంగాల్‌కి ఎక్కడానికి ఎత్తులు, పరిగెత్తడానికి జాగా, రోజూ ఆడించే మనిషి కావాలి. రాగ్‌డాల్ జాతి పిల్లిని ఎత్తుకుంటే ఒళ్ళు వదిలేస్తుంది, ఆ మాట నిజమే, కానీ దానికి నొప్పి తెలియదని చెప్పేవాళ్ళు ఉన్నారే, అది పచ్చి అబద్ధం. పిల్లల చేతికిచ్చి "ఏం చేసినా ఏమనదు" అనేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది.

అపోహ: కదలకుండా ఒకచోట కూర్చునే పిల్లి మంచి స్వభావం ఉన్న పిల్లి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఈ అపోహే.

లాసన్స్ బే కాలనీ నుంచి ఒక కుటుంబం బూడిదరంగు స్కాటిష్ ఫోల్డ్ అనే మడత చెవుల జాతి పిల్లిని టీకా కోసం తీసుకొచ్చారు. రెండేళ్ళ పిల్లి. "చాలా బుద్ధిమంతురాలండీ, సోఫా ఎక్కదు, కర్టెన్లు పీకదు, పెట్టినచోటే ఉంటుంది" అని ఆ ఇంటావిడ మురిసిపోతూ చెప్పారు. నేను వెనక కాలు పట్టుకుని మెల్లగా వంచబోతే పిల్లి ఒళ్ళంతా బిగబట్టుకుంది. ఎక్స్‌రే తీస్తే వెనక పాదాల కీళ్ళు ఎముక పెరిగి గడ్డకట్టినట్టున్నాయి. నొప్పి తగ్గే మందు మొదలుపెట్టాం. పది రోజులయ్యాక ఆవిడ ఫోన్ చేసి, పిల్లి కిటికీ గట్టెక్కి కాకుల్ని చూస్తోందని చెబుతూ ఏడ్చేశారు. "ఇన్నాళ్ళూ దీన్ని మంచితనం అనుకున్నామండీ" అన్నారు.

స్కాటిష్ ఫోల్డ్ జాతి మొదలైంది 1961లో, స్కాట్లాండ్‌లోని ఒక పొలంలో కనిపించిన మడత చెవుల పిల్లి నుంచి. ఆ చెవులు ఎందుకు మడతపడతాయంటే వాటిలోని మృదులాస్థి, అంటే ఎముకంత గట్టిగా ఉండని మెత్తటి భాగం, సరిగ్గా ఏర్పడదు కాబట్టి. మృదులాస్థి ఒక్క చెవుల్లోనే ఉండదు కదా, ఒంట్లో ప్రతి కీలులోనూ ఉంటుంది. చెవి మడతపడిందంటే కీళ్ళలో కూడా ఎంతో కొంత తేడా ఉన్నట్టే. అందుకే ఈ జాతిని కొనమని నేను ఎవరికీ చెప్పను, ఎంత ముద్దుగా ఉన్నా సరే.

పంచ్ ఫేస్ పర్షియన్ సంగతీ ఇలాంటిదే. ముక్కు లోపలికి పోయిన పిల్లికి ఊపిరి తీసుకోవడమే ఒక పని. మన మే నెల ఉక్కపోతలో, కరెంటు పోయిన మధ్యాహ్నం అది నేలకి అంటుకుపోయి పడుకుంటే ఇంట్లోవాళ్ళకి శాంతంగా కనిపిస్తుంది. కుక్క నోరు తెరిచి ఒగర్చినట్టు పిల్లి ఒగరిస్తే మామూలు అనుకోకండి, వెంటనే డాక్టర్‌కి చూపించాలి. ఇంకో మాట, గుర్రుగుర్రుమంటోంది కాబట్టి హాయిగా ఉందనుకోవద్దు. నొప్పిలో ఉన్న పిల్లి కూడా గుర్రుమంటుంది.

ఆరోగ్యంగా ఉన్న పిల్లిపిల్ల అల్లరి చేస్తుంది. ముఖ్యంగా తెల్లవారుజామున, సాయంత్రం చీకటి పడే వేళ ఇల్లంతా పరుగులు తీస్తుంది, మిగతా రోజులో ఎక్కువ భాగం నిద్రపోతుంది. ఆ అల్లరి వద్దు, శాంతమే కావాలనుకుంటే ఐదారేళ్ళు నిండిన పిల్లిని దత్తత తీసుకోండి. దాని స్వభావం అప్పటికే తేలిపోయి ఉంటుంది, మీరు ఊహించుకోనక్కర్లేదు, చూసి తెచ్చుకోవచ్చు. వయసైన తల్లిదండ్రులు మాత్రమే ఉండే ఇళ్ళకి నేను ఎప్పుడూ ఇదే చెబుతాను.

అపోహ: ఎంత చిన్నప్పుడు తెస్తే అంత మచ్చిక అవుతుంది. నెల పిల్ల అయితే బెస్ట్.

ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇది ఇంతగా పాతుకుపోయింది. పిల్లిపిల్ల మనిషిని నమ్మడం నేర్చుకునే కీలకమైన కాలం పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా. ఆ రోజుల్లో మనుషుల చేతుల్లో మెలిగిన పిల్ల పెద్దయ్యాక మనుషులకి భయపడదు. ఆ కాలమంతా ఏ సెల్లార్‌లోనో మనిషి అలికిడి లేకుండా గడిపితే తర్వాత ఎంత ప్రేమగా చూసినా కొంత బెరుకు మిగిలిపోవచ్చు. కానీ ఆ మచ్చిక జరగాల్సింది తల్లి దగ్గర ఉండగానే, తల్లి నుంచి విడదీసి కాదు. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్ళకి నొప్పి పుడుతుందో, గోళ్ళు ఎప్పుడు లోపలికి పెట్టుకోవాలో నేర్చుకునేది తోటి పిల్లలతో కుస్తీ పడేటప్పుడే. హెల్సింకి వాళ్ళే 2017లో ఇచ్చిన ఇంకో అధ్యయనంలో ఎనిమిది వారాలకంటే ముందు తల్లి నుంచి విడదీసిన పిల్లుల్లో దూకుడు ఎక్కువ కనిపించింది. కనీసం ఎనిమిది వారాలు, కుదిరితే పన్నెండు వారాలు తల్లి దగ్గర ఉండనివ్వాలి.

మన దగ్గర ముప్ఫై ఐదు రోజులకే "లిట్టర్ ట్రెయిన్డ్ (ట్రేలోనే దొడ్డికి వెళ్ళడం నేర్చింది), యాక్టివ్" అని చెప్పి చేతిలో పెట్టేస్తున్నారు. నా దగ్గరికి "ఊరికే కరుస్తోందండీ, దుప్పటి చీకుతోందండీ" అని వచ్చే ఏడాది వయసున్న పిల్లుల్ని, పుట్టిన ఎన్ని రోజులకి తెచ్చారని అడిగితే, చాలామంది చెప్పేది నెల, నెలా పదిరోజులు. తొందరపెట్టి తెచ్చుకున్న ఆ నాలుగు వారాల కోసం తర్వాత ఎన్నో ఏళ్ళు చేతుల మీద గీతలు పడుతున్నాయి.

అపోహ: వీధి పిల్లికి విశ్వాసం ఉండదు. అది ఇంటిని నమ్ముకుంటుంది కానీ మనిషిని కాదు.

అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 2019లో పిల్లిపిల్లల్ని రెండు నిమిషాలు కొత్త గదిలో ఒంటరిగా వదిలి, పెంచినవాళ్ళు తిరిగి రాగానే ఏం చేస్తాయో చూశారు. దాదాపు 65 శాతం పిల్లలు పెంచినవాళ్ళని చూసి కుదుటపడి, మళ్ళీ ధైర్యంగా ఆటలో పడ్డాయి. పసిపిల్లలు తల్లిని చూసి ఊరట పొందినట్టే.

ఇక మన వీధి పిల్లుల సంగతి. పెదజాలరిపేటలో చేపలు ఎండబెట్టే ఒక మామ్మ దగ్గర ఏటా పిల్లిపిల్లలు పుట్టేవి. వలల మధ్య, పసిపిల్లల గోల మధ్య, కుక్కల అరుపుల మధ్య, అలల హోరులో పెరిగేవి. అక్కడి నుంచి దత్తత వెళ్ళిన పిల్లల్ని టీకాలకి తీసుకొస్తే ప్రెజర్ కుక్కర్ విజిల్‌కి గానీ దీపావళి చప్పుడుకి గానీ పెద్దగా బెదరవని ఇంటివాళ్ళు చెప్పేవాళ్ళు. ఇంతకంటే మంచి పెంపకం డబ్బిచ్చినా దొరకదు. ఆ మామ్మకి నచ్చజెప్పి తల్లిపిల్లికి ఆపరేషన్ చేయించాం, ఇప్పుడు అక్కడ పిల్లలు పుట్టవు, ఆ తల్లి మాత్రం హాయిగా ఉంది. పొట్టి బొచ్చు, మామూలు ముక్కు, మన ఎండకి అలవాటుపడ్డ ఒళ్ళు: మన ఊళ్ళో చాలా కుటుంబాలకి ఇలా మనుషుల మధ్య పెరిగిన వీధి పిల్లే సరైనదని నా గట్టి నమ్మకం. పెద్ద బొచ్చు ఉన్నవాటికి మన సముద్రపు తేమలో రోజూ దువ్వకపోతే జడలు కట్టేస్తుంది, తామర పట్టుకుంటే ఇంట్లో పిల్లలకీ అంటుకుంటుంది.

అయితే ఎప్పుడూ మనిషి చేయి పడని పెద్ద పిల్లిని పట్టుకొచ్చి ఫ్లాట్‌లో బంధించకండి. దానికి ఆపరేషన్, రేబిస్ టీకా చేయించి ఉన్నచోటే వదిలి తిండి పెట్టడం దయ.

అపోహ: నారింజ రంగువి సరదాగా ఉంటాయి, మూడు రంగులవి కోపిష్టివి, నల్లవి అరిష్టం.

రంగుని బట్టి స్వభావం చెప్పేంత గట్టి ఆధారం లేదు. నారింజ పిల్లుల్లో దాదాపు 80 శాతం మగవి, మూడు రంగులవి దాదాపు అన్నీ ఆడవి. మనం రంగు గుణం అనుకునేది కొంతవరకు మగ ఆడ తేడా అయి ఉండొచ్చు. నల్ల పిల్లి గురించి ఒక్క మాట చాలు, దాని వల్ల అరిష్టం లేదు, ఆ మాట వల్ల దానికి ఇల్లు దొరకట్లేదు.

రంగు విషయంలో నిజంగా చూడాల్సింది ఒకటుంది. ఒళ్ళంతా తెల్లగా ఉండి రెండు కళ్ళూ నీలంగా ఉన్న పిల్లుల్లో 65 నుంచి 85 శాతం చెవిటివి. "ఎంత పిలిచినా పలకదు, పొగరు" అని తెచ్చిన పిల్లి వెనక తాళాలు గలగలలాడిస్తే చెవి కూడా కదలదు. దానికి పొగరు కాదు, వినపడదు. అలాంటి పిల్లిని బయటికి వదలకూడదు, వెనక నుంచి ఎత్తుకోకూడదు, అంతకుమించి ఇబ్బందేమీ లేదు.

అపోహ: గండుపిల్లి ఇల్లంతా కంపుచేస్తుంది, ఆడ పిల్లి అయితేనే నెమ్మది.

ఆపరేషన్ చేయించకపోతే రెండూ కష్టమే. గండుపిల్లి గోడల మీద ఉచ్చ కొడుతుంది, ఆడది ఎదకొచ్చి రాత్రంతా అరుస్తుంది. ఐదు నెలలు నిండేలోపు చేయిస్తే మగవాటిలో చాలావరకు ఆ అలవాటే మొదలవ్వదు. ఆ తర్వాత మగ ఆడ తేడా చూసి ఎంచుకోవాల్సిన పని లేదు.

ఇక ఎంచుకునే పద్ధతి. నన్ను అడిగితే పిల్ల కంటే ముందు తల్లిని చూడండి. మిమ్మల్ని చూసి తల్లి మంచం కిందికి పారిపోతే ఆలోచించుకోవాలి. తండ్రి ఎవరో తెలిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే కలుపుగోలు తండ్రికి పుట్టిన పిల్లలు ఆ తండ్రిని ఎప్పుడూ చూడకపోయినా ధైర్యంగా ఉంటాయని పరిశోధనల్లో తేలింది. తర్వాత నేల మీద కూర్చోండి, ఎవర్నీ పిలవకండి, ఫోన్ పక్కన పెట్టి అరగంట ఉండండి. మొదట పరిగెత్తుకొచ్చే పిల్ల ధైర్యవంతురాలు, పిల్లలున్న ఇంటికి బాగుంటుంది. కాస్త దూరం నుంచి చూసి పది నిమిషాల తర్వాత వచ్చి వేలు వాసన చూసేది నెమ్మదస్తురాలు, ఇద్దరే ఉండే ఇంటికి సరిపోతుంది. అరగంటైనా మూల వదలని పిల్లకి ఓపికగల మనిషి కావాలి, మీకా ఓపిక ఉంటేనే తెచ్చుకోండి. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండకపోతే ఒకే ఈత పిల్లలు రెండింటిని కలిపి తీసుకోండి, ఒకదాన్నొకటి ఆడించుకుంటాయి.

తెచ్చుకునే రోజుకి ముందే బాల్కనీకి మెష్ బిగించండి, పావురం కోసం దూకి పడిన పిల్లులు ఏటా మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. తల్లి పడుకున్న గుడ్డ ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. మొదటి మూడు రోజులూ ఒకే గదిలో ఉంచండి, ఆ గుడ్డ, తిండి, నీళ్ళు, కాస్త దూరంగా లిట్టర్ ట్రే. చుట్టాల్ని పిలిచి చూపించొద్దు. మంచం కింద దాక్కుంటే లాగకండి, అదే బయటికి వస్తుంది. ఒక రోజంతా తిండి ముట్టకపోతే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.