విశాఖ గాలికి ఒక్క అంకె చాలదు

వన్‌టౌన్‌లో పొద్దున్నే డాబా తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది. పోర్టు నుంచి వచ్చే బొగ్గు పొడి అని అక్కడివాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. మరోపక్క ఫోన్‌లో విశాఖ గాలి ‘సంతృప్తికరం’ అని కనబడే రోజులూ ఉంటాయి. అలాగని గాలిని కొలిచే మెషీన్ తప్పు చెబుతోందని కాదు. డాబా మీద రాలేది చాలావరకు ముతక పొడి. మెషీన్ కొలిచేది 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు రేణువుల్ని. వాటిలోనూ 2.5 మైక్రాన్ల లోపువి, అంటే పీఎం 2.5, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. కంటికి ఆనవు.

ఆ ‘సంతృప్తికరం’ అన్న మాటనూ కాస్త ఆగి చూడాలి. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 రోజు సగటున 60 మైక్రోగ్రాముల దాకా ఉన్నా మన గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) అలాగే అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15.

కొలిచే పాత పద్ధతి సులువైనదే. ఫిల్టర్ కాగితాన్ని తూచి, దాని గుండా 24 గంటలు గాలి లాగి, మళ్లీ తూస్తారు. పెరిగిన బరువే దుమ్ము. ఇప్పటి ఆటోమేటిక్ స్టేషన్లలో ఆ దుమ్ము ఫిల్టర్ టేపు మీద పడుతుంది. దాని గుండా బీటా కిరణాలు పంపి, ఎంత తగ్గాయో చూసి, గంటగంటకూ లెక్క కడతారు.

ఈ స్టేషన్లు ఖరీదైనవి. అందుకే చవక లేజర్ సెన్సర్ల మీద అందరికీ ఆశ. ఇవి రేణువుల్ని తూచవు, వాటి మీద పడి చెదిరిన వెలుతురును చూస్తాయి. విశాఖ ఉక్కపోతలో చిక్కంతా ఇక్కడే. సముద్రపు ఉప్పు, సల్ఫేట్ రేణువులు తేమ పీల్చి ఉబ్బుతాయి. దుమ్ము అంతే ఉన్నా అంకె పెరిగిపోతుంది. పెద్ద మెషీన్లలో గాలిని ముందే వేడిచేసి ఆ తేమ తగ్గిస్తారు. చవక సెన్సర్లను కొన్నాళ్లు పెద్ద స్టేషన్ పక్కనే పెట్టి, ఎండాకాలం, వానాకాలం, చలికాలం వేర్వేరుగా సరిచూసుకోవాలి. ఈ ఓపిక లేకుండా ఊరంతా సెన్సర్లు తగిలిస్తే వృథా ఖర్చు.

ఎక్కడ పెడతామన్నదీ ముఖ్యమే. పగలు సముద్రపు గాలి వీస్తుంది. చలికాలం రాత్రుళ్లు నేల దగ్గర గాలి చల్లబడి, పైన వెచ్చటి పొర ఉండటంతో పొగ పైకి లేవదు. యారాడ కొండకూ సింహాచలం కొండలకూ మధ్య పల్లంలోనే పోర్టు, రిఫైనరీ, లారీల రద్దీ ఉన్నాయి. ఊరి నడుమ రామ్‌నగర్‌లో తీసిన అంకె, ఫ్యాక్టరీల పక్కనున్న మింది వాళ్లు పీల్చే గాలి గురించి చెప్పలేదు.

ఇంకొకటి. సూచీ లెక్కలో ఉన్నవి 8 కాలుష్యాలే. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకై 12 మంది ప్రాణాలు తీసిన స్టైరీన్ ఆవిరి వాటిలో లేదు. ఫ్యాక్టరీలో ఏ రసాయనం నిల్వ ఉంటే దాన్ని పసిగట్టే సెన్సర్ గోడ బయట ఉండాలి. ఆ రీడింగు ఊళ్లో వాళ్లకు నేరుగా కనబడాలి.