తొక్కే కాళ్ళకు తెరుచుకునే తలుపులు

"ఆఫీసుకు సైకిలు మీద వెళ్ళడానికి 20 నిమిషాలు, రావడానికి 20 నిమిషాలు పడుతుంది. దీన్ని వ్యాయామం కింద లెక్క వేసుకోవచ్చా? లేక విడిగా జిమ్‌కి వెళ్ళాల్సిందేనా?" అని ఒక పాఠకుడు అడిగారు.

నిస్సందేహంగా వేసుకోవచ్చు. వారానికి 5 రోజులకు 200 నిమిషాలవుతుంది. పెద్దవాళ్ళు వారంలో కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది ఇక్కడే తీరిపోయింది. పెట్రోలు ఆదా, పొగ తగ్గడం లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నన్ను ఆకట్టుకున్నది ఆ 40 నిమిషాలు పొద్దున సగం, సాయంత్రం సగంగా ఉండటం, అదీ రోజూ ఉండటం. ఎందుకో తెలియాలంటే కండరంలోకి చక్కెర ఎలా వెళ్తుందో చూడాలి.

కణం ఒక ఇల్లు, ఇన్సులిన్ దాని తాళంచెవి అని బడిలో చెబుతారు. పోలిక మంచిదే, పిల్లలకు ఇట్టే ఎక్కుతుంది. కానీ అక్కడితో ఆపేయడం వల్ల అసలు అందమంతా పోతోంది. కండర కణమనే ఈ ఇంటికి తలుపులు చాలావరకు గోడకు ఉండవు. లోపల సామాన్ల గదిలో దాచిపెట్టి ఉంటాయి! ఆ తలుపు గ్లూట్-4 అనే ప్రొటీను. సామాన్ల గది అంటే కణం లోపల ఉండే అతి చిన్న కొవ్వు పొర సంచులు. ఇన్సులిన్ వచ్చి బయట గంట కొడితే లోపల పీఐ3-కైనేజ్, ఆ తర్వాత ఏకేటీ అనే ఎంజైములు వరసగా మేలుకుంటాయి. ఏకేటీ వెళ్ళి ఏఎస్160 అనే ప్రొటీనుకు ఫాస్ఫేటు అనే చిన్న రసాయన గుంపును తగిలిస్తుంది. అప్పటిదాకా సంచులను కదలనివ్వకుండా పట్టి ఉంచింది ఈ ఏఎస్160యే. దాని పట్టు సడలగానే సంచులు కణం అంచుకు చేరి పై పొరలో కలిసిపోతాయి. గోడకు తలుపులు పడ్డట్టే. గ్లూకోజు లోపలికి రాగానే హెక్సోకైనేజ్ దానికి ఫాస్ఫేటు తగిలిస్తుంది కనుక వచ్చిన దారిన తిరిగి పోలేదు. తలుపులు ఇలా లోపలినుంచి గోడకు వస్తాయని కొవ్వు కణాలను పరిశీలించి 1980లో తేల్చారు. కుష్మన్, వార్జాలా అనే శాస్త్రవేత్తలు ఒకచోట, సుజుకీ, కోనో అనేవారు మరోచోట, ఎవరికి వారే కనుక్కున్నారు.

టైప్-2 మధుమేహంలో గంట మోగుతూనే ఉంటుంది, లోపలివాళ్ళకు సరిగా వినపడదు. క్లోమం ఇంకా గట్టిగా మోగిస్తుంది, అంటే మరింత ఇన్సులిన్ వదులుతుంది. కొన్నేళ్ళకు అలసిపోతుంది.

ఇప్పుడు సైకిలు దగ్గరికి వద్దాం. పెడలు తొక్కడానికి తొడ కండరం బిగుసుకున్నప్పుడల్లా కణంలో కాల్షియం పొంగుతుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చయి, అది ఖర్చయితే మిగిలే ఏఎంపీ పెరుగుతుంది, అది చూసి ఏఎంపీకే అనే ఎంజైము మేలుకుంటుంది. ఈ సంకేతాలు ఇన్సులిన్ గంటతో సంబంధం లేకుండా ఇంటి లోపలినుంచే సామాన్ల గదికి చేరతాయి. తలుపులు గోడకు వచ్చేస్తాయి. 1999లో టైప్-2 మధుమేహం ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ వ్యాయామ సైకిలు తొక్కించి, వాళ్ళ కండరం ముక్కలు తీసి పరీక్షించారు. గోడకు చేరిన గ్లూట్-4 ఇద్దరిలోనూ ఇంచుమించు ఒకేలా పెరిగింది. వీధి గుమ్మం దగ్గర గంట వినపడని ఇంట్లో కూడా ఈ లోపలి దారి చెక్కుచెదరలేదన్న మాట. నాకు తెలిసిన శరీరధర్మ శాస్త్రంలో ఇంత ఆశ కలిగించే విషయాలు తక్కువ.

తొక్కడం ఆపిన కొన్ని గంటలకు తలుపులు మళ్ళీ లోపలికి వెళ్ళిపోతాయి. కానీ ఆ కండరానికి గంట బాగా వినపడటం మాత్రం మరో ఒకటి రెండు రోజులు ఉంటుంది. 1989లో ఎరిక్ రిక్టర్ అనే శాస్త్రవేత్త బృందం కొందరితో ఒక్క కాలితోనే వ్యాయామం చేయించి, కొన్ని గంటల తర్వాత ఇన్సులిన్ ఎక్కించింది. పనిచేసిన కాలు చక్కెరను ఎక్కువగా లాక్కుంది, రెండోది మామూలుగానే ఉండిపోయింది. మనిషి ఒకడే, రక్తం ఒకటే, ఇన్సులిన్ ఒకటే! ఏ కండరం పనిచేస్తే ఆ కండరానికే ఫలితం. సైకిలు పనిపెట్టేది తొడలకు, పిరుదులకు, అంటే ఒంట్లోకెల్లా పెద్ద కండరాలకు.

ఇక లెక్క చూడండి. శనివారం జిమ్‌లో రెండు గంటలు చెమటోడిస్తే గంట బాగా వినపడే ఆ గుణం సోమవారానికల్లా చాలావరకు తగ్గిపోతుంది. రోజూ సైకిలెక్కేవాడికి అది తగ్గేలోగానే మళ్ళీ పెడలు పడుతుంది. పొద్దున తిని బయలుదేరితే, తిన్నది చక్కెరగా రక్తంలోకి దిగే వేళకు తలుపులు గోడకు వచ్చి ఉంటాయి.

2017లో గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్ళు బ్రిటన్‌లో రెండున్నర లక్షల మందికి పైగా సమాచారం పరిశీలించారు. సైకిలు మీద పనికెళ్ళేవాళ్ళలో, కారు, బస్సు, రైళ్ళలో వెళ్ళేవాళ్ళతో పోలిస్తే, ఏ కారణంతోనైనా చనిపోయే అవకాశం 41 శాతం తక్కువగా కనిపించింది. ఇందులో కొంత, సైకిలెక్కేవాళ్ళు ముందునుంచే ఆరోగ్యవంతులు కావడం వల్ల కూడా కావచ్చు. పరిశోధకులు వయసు, పొగతాగడం వంటివి సరిచూసుకున్నా, ఇలాంటి అధ్యయనం కారణాన్ని పూర్తిగా రుజువు చేయలేదు.

మనిషికి ఇన్ని గుండెచప్పుళ్ళని ముందే రాసి ఉంటుందని, శ్రమపడితే అవి తొందరగా అయిపోతాయని నమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ నమ్మకం తప్పు. పోనీ వాళ్ళ లెక్కే వేద్దాం. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండె 40 నిమిషాలపాటు 120 సార్లు కొట్టుకుంటే రోజుకు 1,920 చప్పుళ్ళు అదనం. అలవాటైన గుండె మిగతా 1,400 నిమిషాలూ నిమిషానికి 5 తక్కువ కొట్టుకున్నా 7,000 మిగులుతాయి. ఇది పిల్లల చేత తరగతిలో వేయించదగ్గ లెక్క.

పొగలో తొక్కితే నష్టం కదా అంటారు. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు దీన్ని లెక్కగట్టారు. ఘనపు మీటరు గాలిలో పీఎం2.5 అనే అతి సన్నని ధూళి 100 మైక్రోగ్రాములున్న చోట కూడా, రోజుకు గంటన్నర దాటి తొక్కితేనే నష్టం లాభాన్ని మించుతుంది. 40 నిమిషాలు దానికి చాలా లోపలే ఉంది. అయినా వాహనాల రద్దీ తక్కువున్న పక్క వీధి దొరికితే అటే వెళ్ళండి.

ఇన్సులిన్ గానీ, క్లోమం చేత ఇన్సులిన్ వదిలించే మాత్రలు గానీ వాడేవాళ్ళు మాత్రం మొదలుపెట్టేముందు డాక్టరును అడగాలి. గంట ఒకవైపు, పెడలు ఒకవైపు కలిసి తలుపులు తెరిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. తీపి ఏదైనా జేబులో ఉంచుకోవాలి. మిగతావాళ్ళు ఆయాసం కొద్దిగా వచ్చేలా తొక్కితే చాలు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. గేర్లుంటే తేలికైనది వేసుకుని కాళ్ళు చకచకా తిప్పండి. మోకాళ్ళ మీద భారం తగ్గుతుంది.