స్లీపింగ్ డాగ్స్ గురించి ఆటగాళ్లు చెప్పుకొనేవి: అపోహలు - వాస్తవాలు

2012 ఆగస్టులో వచ్చిన స్లీపింగ్ డాగ్స్ అనే వీడియో గేమ్‌ను ఇవాళ్టికీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లున్నారు. కొనేముందు నలుగురి అభిప్రాయం వెతుకుతారు. ఒకరు "అద్భుతం, అన్యాయంగా మరుగున పడింది" అంటారు, ఇంకొకరు "జీటీఏకి (గ్రాండ్ థెఫ్ట్ ఆటో గేమ్ వరుసకి) నకలు, తుపాకీ కూడా ఇవ్వరు" అంటారు. ఇందులో ఎవరూ కావాలని అబద్ధం చెప్పడం లేదు. ఏ వెర్షన్ ఆడారో, ఎలా ఆడారో చెప్పకుండా తీర్పు మాత్రం చెప్పడంతోనే చిక్కంతా వస్తోంది. తుపాకీ పట్టుకుని వీధుల్లో బీభత్సం చేద్దామని దిగినవాళ్లకు ఈ గేమ్ సగమే కనిపిస్తుంది. చేతులతో కొట్లాట, పోలీసుగా మన ప్రవర్తన, ముఠా మనిషిగా మన పేరు: ఈ మూడింటి చుట్టూ కొలిచి కట్టిన ఆట ఇది.

అపోహ: ఇది జీటీఏకి నకలు.

దీని పుట్టుక వేరే దారిలో జరిగింది. కెనడాలోని వాంకూవర్‌కు చెందిన యునైటెడ్ ఫ్రంట్ గేమ్స్ దీన్ని మొదట బ్లాక్ లోటస్ అనే సొంత ఆలోచనగా మొదలుపెట్టింది. ప్రచురణకర్త యాక్టివిజన్ దాన్ని తన ట్రూ క్రైమ్ వరుసలోకి తెచ్చి, 2009 డిసెంబరులో ట్రూ క్రైమ్: హాంకాంగ్ పేరుతో ప్రకటించింది. ఆ వరుసలో ముందు వచ్చినవి లాస్ ఏంజెలెస్ నేపథ్యంలో 2003లో ఒకటి, న్యూయార్క్ నేపథ్యంలో 2005లో ఒకటి. రెండింటిలోనూ హీరో పోలీసే. 2011 ఫిబ్రవరిలో యాక్టివిజన్ ప్రాజెక్టును ఆపేసింది. అదే ఏడాది ఆగస్టులో స్క్వేర్ ఎనిక్స్ ముందుకొచ్చి ప్రచురణ హక్కులు తీసుకుంది. ట్రూ క్రైమ్ అనే పేరు మాత్రం ఆ ఒప్పందంలో రాలేదు కాబట్టి కొత్త పేరు పెట్టాల్సి వచ్చింది.

కారు ఎత్తుకుపోవడం, మ్యాప్‌లో గుర్తులు వెతుక్కుంటూ తిరగడం జీటీఏని గుర్తుకుతెస్తాయి, నిజమే. అయితే ఊరంతా ఇష్టమొచ్చినట్టు తిరగనిచ్చే ఓపెన్ వరల్డ్ గేముల్లో అది మామూలు. ఆట నడిచే తీరు చూస్తే తేడా తెలుస్తుంది. ఇక్కడ తుపాకీ కథలో బాగా ముందుకెళ్లాక గానీ చేతికి రాదు. వచ్చినా తూటాలు అయిపోగానే పారేయాల్సిందే. విమానాలు లేవు. మ్యాప్ చిన్నది. పెద్ద మ్యాప్, చేతినిండా ఆయుధాలు కావాలనుకునేవాళ్లకు ఇది నచ్చకపోవడంలో తప్పేమీ లేదు. నకలు అనడమే తప్పు.

అపోహ: పోలీసు గేమ్ అన్నారు గానీ పోలీసు పని ఎక్కడా లేదు.

హీరో వేయ్ షెన్ సన్ ఆన్ యీ అనే ముఠాలో రహస్యంగా చేరిన పోలీసు అధికారి. కాబట్టి యూనిఫాం, సైరన్ ఉండవు. పోలీసు పని మూడు చోట్ల ఉంది. అది కనపడలేదన్నవాళ్లు చాలామంది ప్రధాన మిషన్ల వెంటే పరుగెత్తి ఉంటారు.

మొదటిది కేసులు. ఇన్‌స్పెక్టర్ టెంగ్ అప్పగించే ఈ కేసుల్లో ఫోన్ సిగ్నల్ జాడ పట్టుకోవడం, ఆధారాలు సేకరించడం, నిందితుణ్ని వెంటాడటం ఉంటాయి. ప్రధాన కథను కాసేపు పక్కనపెట్టి మ్యాప్‌లో వాటి గుర్తు దగ్గరికి మీరే వెళ్లాలి.

రెండోది మాదకద్రవ్యాల ముఠాల మీద నిఘా. ఇది మూడు అంచెల పని. ముందు ఆ ప్రాంతంలో కాపలా ఉన్న రౌడీలను దించేయాలి. తర్వాత దగ్గరలోని సీసీ కెమెరా పెట్టెను హ్యాక్ చేయాలి. నాలుగంకెల కోడ్ ఊహించడమే హ్యాకింగ్: ఏ అంకె సరైన చోట పడింది, ఏది ఉంది గానీ చోటు తప్పింది అన్నది రంగులు చెబుతాయి. మొదటి రెండు ప్రయత్నాల్లో ఒకే అంకెను మళ్లీ వాడకుండా ఎనిమిది వేర్వేరు అంకెలు పరీక్షించేస్తే మిగతా పని తేలిక. చివరిగా ఇంటికెళ్లి, టీవీలో ఆ కెమెరా దృశ్యం తెరిచి, కనిపించే మనుషుల్లో సరఫరాదారు ఎవరో గుర్తించి అరెస్టు చేయించాలి. ఈ మూడో అంచె ఉందని తెలియక, రెండో అంచెతో వదిలేసి "దీనివల్ల ఏం ఒరిగింది?" అని అడిగేవాళ్లు చాలామంది.

మూడోది పోలీసు స్కోరు. ఇది విడిగా చెప్పుకోవాల్సిన సంగతి.

అపోహ: పోలీసు స్కోరు ఊరికే కోత పెట్టే లెక్క. పట్టించుకోనక్కర్లేదు.

మిషన్ మొదట్లో ట్రయాడ్ స్కోరు, అంటే ముఠా మనిషిగా మీ స్కోరు, సున్నా దగ్గర ఉంటుంది. దెబ్బల్లో వైవిధ్యం, కౌంటర్లు (ఎదుటివాడి దెబ్బను ఆపి తిప్పికొట్టడం), చుట్టూ ఉన్న వస్తువులతో కొట్టడం వల్ల పెరుగుతుంది. పోలీసు స్కోరు దీనికి ఎదురు: నిండుగా మొదలై, దారినపోయేవాళ్లకు హాని చేసినా, ఆస్తి పగలగొట్టినా తరుగుతుంది. ఒకే మనిషి రెండు ముఖాలతో బతకడాన్ని మాటల్లో చెప్పకుండా అంకెల్లో ఆడించిన ఈ ఏర్పాటు ఈ గేమ్‌లో మాకు అన్నిటికంటే ఇష్టమైనది.

దీన్ని వదిలేస్తే నష్టం చేతికి తగులుతుంది. పోలీసు అప్‌గ్రేడ్లలో కారు తాళాన్ని చడీచప్పుడు లేకుండా తీసే పనిముట్టు ఉంది. అది లేకుండా ఆగి ఉన్న కారు ఎత్తితే అలారం మోగుతుంది, పోలీసులు వెంటపడతారు. వాళ్ల నుంచి తప్పించుకునే హడావిడిలో జనాన్ని గుద్దుతారు, స్కోరు ఇంకా పోతుంది. "పోలీసులు ఊరికే మీదపడతారు" అనే ఫిర్యాదు చాలాసార్లు ఇక్కడ మొదలవుతుంది. అందుకే పోలీసు అప్‌గ్రేడ్లలో ముందు దాన్నే తీసుకోండి.

స్కోరు కాపాడుకోవడానికి చేయాల్సింది తక్కువే. మిషన్‌లో బండి ఎంచుకునే వీలుంటే బైక్ తీసుకోండి, సన్నని సందుల్లో దేనికీ రాసుకోదు. కాలినడక ఛేజింగుల్లో గుంపు మధ్యలోంచి దూసుకుపోకుండా అంచున పరుగెత్తండి. గమ్యం దగ్గర ఫుట్‌పాత్ ఎక్కించి కారు ఆపే అలవాటు మానుకోండి, చాలామందికి స్కోరు పోయేది ఆ ఆఖరి ఇరవై అడుగుల్లోనే. పాడైన మిషన్‌ను తర్వాత మళ్లీ ఆడి స్కోరు మెరుగుపరచుకోవచ్చు.

మూడో కొలత ఫేస్, అంటే వీధిలో పరపతి. దీన్ని పెంచేవి చిన్నచిన్న సాయాల మిషన్లు. మొత్తం పది స్థాయిలు. కొన్ని దుస్తులు, కార్లు కొనాలంటే తగిన స్థాయి ఉండాలి. "డబ్బుంది గానీ కొననివ్వడం లేదు, బగ్" అని రాసేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

అపోహ: కొట్లాటంతా ఒకే బటన్. నొక్కుతూ పోతే గెలుస్తారు.

మొదటి గంటలో నిజంగానే అలా గెలుస్తారు. అందుకే ఈ అభిప్రాయం ఇంత గట్టిగా నాటుకుంది. కొట్టే బటన్ ఒక్కటే, కానీ దాన్ని తట్టడం వేరు, నొక్కి పట్టడం వేరు. ఎన్ని తేలిక దెబ్బల తర్వాత నొక్కి పట్టారన్న దాన్నిబట్టి చివరి దెబ్బ మారిపోతుంది. దీనికి తోడు పట్టుకునే బటన్, కౌంటర్ బటన్ ఉన్నాయి. పరుగెత్తుతూ కొడితే ఇంకో రకం దెబ్బ.

కథ ముందుకెళ్లేకొద్దీ ప్రత్యర్థుల రకాలు కలిసి వస్తాయి. కొందరు వరుస దెబ్బలను అడ్డుకుంటారు, కొందరిని పట్టుకోవడం కుదరదు, కొందరి చేతిలో కత్తి ఉంటుంది. అందరి మీదా ఒకే వరుస వాడితే అడ్డుకున్నవాడి దగ్గర ఆగిపోతారు, వెనకనుంచి మిగతావాళ్లు కొడతారు. చేయాల్సింది ఇది: దెబ్బ కాచుకునేవాణ్ని పట్టుకోండి, పట్టుకి దొరకనివాణ్ని దెబ్బలతో దించండి, కత్తి ఉన్నవాణ్ని అందరికంటే ముందు తేల్చేయండి.

కౌంటర్ దగ్గర ఎక్కువమంది చేసే తప్పు కంగారు. ప్రత్యర్థి ఎర్రగా మెరిసినప్పుడే నొక్కాలి. భయంతో పదేపదే నొక్కితే ఖాళీ కదలికలో చిక్కుకుని దెబ్బ తింటారు. "కౌంటర్ పనిచేయడం లేదు" అన్న ఫిర్యాదు వెనక దాదాపు ఎప్పుడూ ఇదే ఉంటుంది. మీ దెబ్బల వరుస మధ్యలో ఉన్నా సరే, మెరుపు కనిపించగానే కౌంటర్‌కు మారడం అలవాటు చేసుకుంటే ఆరుగురు చుట్టుముట్టినా నిలబడతారు.

చుట్టూ ఉన్న వస్తువులు కూడా ఆయుధాలే. ఎవణ్నయినా పట్టుకోగానే ఫోన్ బూత్, చేపల తొట్టి లాంటివి ఎర్రగా వెలుగుతాయి, అటు ఈడ్చుకెళ్లి కొట్టొచ్చు. గుంపులో ఒకణ్ని పూర్తిగా తప్పించే వేగమైన మార్గం ఇదే. పైగా ట్రయాడ్ స్కోరు బాగా పెరుగుతుంది. కొట్లాట మొదలవకముందే ఒకసారి కెమెరా తిప్పి ఏవి ఎక్కడున్నాయో చూసుకోండి.

కొట్లాట విసుగొచ్చిందన్న వాళ్లలో ఎక్కువమంది సీఫూ (కుంగ్‌ఫూ గురువు) దగ్గరికి మళ్లీ వెళ్లనివాళ్లు. ఊరంతా దాగి ఉన్న జేడ్ విగ్రహాలు తెచ్చి నార్త్ పాయింట్‌లోని శిక్షణశాలలో ఇస్తేనే కొత్త దెబ్బలు నేర్పుతాడు. చేయి విరిచేవి, కాలు విరిచేవి ఇక్కడే దొరుకుతాయి. ఆరోగ్యం పెరగడం లేదన్న ఫిర్యాదుకూ మందుంది. నగరంలో 50 చిన్న పూజాస్థలాలున్నాయి, ప్రతి ఐదింటి దగ్గర దండం పెడితే గరిష్ఠ ఆరోగ్యం ఒక మెట్టు పెరుగుతుంది. కథ మొదట్లో కలిసే అమాండాతో తిరిగొచ్చే మిషన్ పూర్తిచేస్తే అవన్నీ మ్యాప్‌లో కనిపిస్తాయి. గుడ్డిగా వెతకడం మొదలుపెట్టకముందే ఆ మిషన్ ఆడేయండి.

అపోహ: కాల్పులు బలహీనం.

కొంత నిజం. అడ్డు చాటున దాక్కుని, తల బయటపెట్టి కాల్చే పద్ధతిలో ఆడితే సాదాసీదాగానే ఉంటుంది. అడ్డుగా ఉన్నదాని మీదుగా దూకుతూ గురిపెట్టండి: సమయం నెమ్మదిస్తుంది, తలకు గురి కుదురుతుంది. ఒక అడ్డు నుంచి ఇంకో అడ్డుకు దూకుతూ పోవడానికే ఆ చోట్లన్నీ కట్టారు.

అపోహ: డ్రైవింగ్ తెలియనివాళ్లు చేసిన డ్రైవింగ్.

ఇదే స్టూడియో 2010లో మాడ్‌నేషన్ రేసర్స్ అనే రేసింగ్ గేమ్ తెచ్చింది. బండ్లు తేలికగా, ఆటబొమ్మల్లా తిరగడం వాళ్లు కావాలని చేసుకున్నదే. నిజమైన బరువు కోరుకునేవాళ్లకు నచ్చదు, అది వాళ్ల ఇష్టం. వెంటాడే బండిని పక్కకు గుద్దడానికి ప్రత్యేకంగా ఒక బటన్ ఉంది, స్టీరింగ్‌తో గుద్దాలని చూడకండి. కదిలే బండి మీంచి ముందున్న బండి మీదికి దూకి లాక్కోవడం కూడా ఉంది. దానికి వెనకాల సరిగ్గా వరుసలోకి వచ్చి, గుర్తు కనిపించేదాకా ఆగాలి. వాహనాలు ఎడమవైపే నడుస్తాయి, అసలు హాంకాంగ్‌లోలాగే.

అపోహ: హాంకాంగ్‌ను అచ్చుగుద్దినట్టు దించారు.

మెచ్చుకుంటూ అన్నా ఇదీ సరికాదు. గేమ్‌లో ఉన్నవి నార్త్ పాయింట్, సెంట్రల్, కెన్నెడీ టౌన్, అబర్డీన్. నాలుగూ హాంకాంగ్ దీవి మీదివే. సముద్రానికి అవతలి కౌలూన్ లేదు. వీధులను కుదించి, కలిపి, కొత్తగా అల్లారు. నిజమైన పటం పెట్టుకుని దారి వెతికితే దొరకదు. సరిగ్గా పట్టుకున్నది వాతావరణాన్ని: వానలో మెరిసే నియాన్ బోర్డులు, రాత్రి బజారు రద్దీ, దుకాణదారుల కేకలు. భాష విషయంలో విమర్శ న్యాయమైనదే. పాత్రలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో మాట్లాడుతూ మధ్యమధ్యలో కాంటనీస్ కలుపుతారు.

కథ మీద వచ్చే మరో విమర్శ కూడా ఒప్పుకోవాల్సిందే. అమాండాకు ఎమ్మా స్టోన్ గొంతిచ్చింది. అంత పేరున్న నటిని పెట్టుకుని ఆ పాత్రను మొదట్లోనే వదిలేశారు. వేయ్ ప్రేమ వ్యవహారాలు ఏవీ కథలో వేళ్లూనుకోవు. విల్ యున్ లీ గొంతులో వేయ్ నలిగిపోయే తీరు అంత బాగుండగా ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

అపోహ: గేమ్ ఎవరూ కొనలేదు, అందుకే స్టూడియో మూతపడింది, రెండో భాగం రాలేదు.

2013 మార్చిలో స్క్వేర్ ఎనిక్స్ చెప్పిన లెక్క 17.5 లక్షల ప్రతులు. కొత్త పేరుతో వచ్చిన గేమ్‌కు అది తక్కువేం కాదు, కంపెనీ పెట్టుకున్న ఆశకే తక్కువ. యునైటెడ్ ఫ్రంట్ గేమ్స్ ఆ తర్వాత అదే ప్రపంచంలో ట్రయాడ్ వార్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గేమ్ మీద పనిచేసింది. అది పరీక్ష దశ దాటకుండానే 2016 జనవరిలో ఆగిపోయింది. స్టూడియో మూతపడింది అదే ఏడాది అక్టోబరులో. అంటే స్లీపింగ్ డాగ్స్ వచ్చిన నాలుగేళ్లకు. మధ్యలో జరిగినదంతా తీసేసి నేరాన్ని ఈ గేమ్ మీదే వేయడం అన్యాయం.

అపోహ: డెఫినిటివ్ ఎడిషన్ అన్ని విధాలా మెరుగు.

2014 అక్టోబరులో వచ్చిన ఈ వెర్షన్‌లో 24 అదనపు ప్యాకులు కలిపి ఇచ్చారు. నగరంలో జనం, వస్తువులు పెరిగాయి, పొగమంచు చిక్కబడింది. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌లలో సెకనుకు 30 ఫ్రేములే. పీసీలో మాత్రం పాత వెర్షన్‌కు అప్పటికే ఉచితంగా హై రిజల్యూషన్ టెక్స్చర్ ప్యాక్ (వస్తువుల ఉపరితలాలను మరింత స్పష్టంగా చూపే ప్యాక్) ఉంది. అందువల్ల అక్కడ తేడా కన్సోల్‌లో ఉన్నంత కనిపించదు. పొగమంచు వల్ల రంగులు పలచబడ్డాయని పాతదాన్నే ఇష్టపడేవాళ్లున్నారు.

కలిపి ఇచ్చిన ప్యాకులు మొదటిసారి ఆడేవాళ్లకు చిన్న ఉచ్చు. ఊళ్లో దొరికే ఎర్ర కవర్లలో డబ్బుంటుంది. వార్డ్‌రోబ్‌లో అదనపు బలం ఇచ్చే దుస్తులుంటాయి. మొదట్లోనే అవన్నీ వాడితే సంపాదించుకునే ఆనందం పోయి "మరీ సులువు" అన్న అభిప్రాయం మిగులుతుంది. కథ సగం దాటేదాకా వాటి జోలికి వెళ్లకండి. దయ్యాల కథ నైట్‌మేర్ ఇన్ నార్త్ పాయింట్, వేయ్ యూనిఫాంలో కనిపించే ఇయర్ ఆఫ్ ద స్నేక్ ప్రధాన కథ ముగిశాక ఆడాల్సినవి.

పీసీలో "మంచి గ్రాఫిక్స్ కార్డున్నా నత్తనడక నడుస్తోంది" అనేవాళ్లు ముందు యాంటీ-ఎలియాసింగ్ (బొమ్మ అంచుల్లోని గరుకును నునుపు చేసే సెట్టింగ్) చూడాలి. ఎక్స్‌ట్రీమ్ పెడితే గేమ్ దృశ్యాన్ని నాలుగింతల పిక్సెళ్లతో గీసి కుదిస్తుంది. 1920×1080 తెర మీద అది 82,94,400 పిక్సెళ్లు, సరిగ్గా 4కె భారం. దాన్ని నార్మల్‌కు దించి, గేమ్‌లోనే ఉన్న బెంచ్‌మార్క్ (వేగాన్ని కొలిచే పరీక్ష) నడపండి. ఫ్రేములు చాలినన్ని మిగిలితే హైకి పెంచి మళ్లీ నడపండి. అప్పటికీ తడబడితే నీడల నాణ్యత, ఆ తర్వాత నగరంలోని వస్తువుల సాంద్రత ఒక్కో మెట్టు తగ్గించండి. రెండూ ఒకేసారి మార్చకండి, దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు.