వాహనంలో లోపపు కోడ్ వచ్చిందంటే సెన్సర్ పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: స్కానర్‌లో (వాహనం నుంచి లోపపు కోడ్లు చదివే పరికరంలో) ఏ సెన్సర్ పేరు కనిపిస్తే దాన్ని మార్చేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఏ సర్క్యూట్ నుంచి వచ్చిన సిగ్నల్ ఈసీయూకు (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్‌కు) పొంతన లేనిదిగా తోచిందో కోడ్ తెలుపుతుందే తప్ప, చెడిపోయిన భాగమేదో తెలుపదు. ఉదాహరణకు పీ0118 అంటే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజి ఎక్కువగా ఉన్నదని అర్థం. సాధారణంగా ఈ సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, దానితోపాటు సిగ్నల్ వైరు మీది వోల్టేజి కూడా తగ్గుతుంది. వైరు తెగినా, కనెక్టర్ పిన్ను తుప్పుపట్టి విడిపోయినా, సెన్సరే లోపల తెగిపోయినా ఆ వోల్టేజి 5 వోల్టులకు చేరువవుతుంది, స్కానర్‌లో దాదాపు మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ కనిపిస్తుంది. మూడు లోపాలకూ కోడ్ ఒక్కటే.

వీటిని విడదీయడానికి కనెక్టర్ ఊడదీసి, వైరింగ్ వైపున్న రెండు టెర్మినళ్లను చిన్న వైరుతో కలిపి చూడాలి. రీడింగ్ ఒక్కసారిగా గరిష్ఠ ఉష్ణోగ్రతకు ఎగబాకితే వైరింగూ ఈసీయూ బాగున్నట్టే కాబట్టి, అనుమానం సెన్సర్ మీదికీ దాని పిన్నుల మీదికీ మళ్లుతుంది. మైనస్ 40 దగ్గరే ఆగిపోతే కొత్త సెన్సర్ కొనడం వృథా. ఈ పరీక్ష రెండు వైర్ల ఉష్ణోగ్రత సెన్సర్లకే పరిమితం. మూడు వైర్లున్న చోట ఇలా కలిపితే 5 వోల్టుల సరఫరాను షార్ట్ చేసే ప్రమాదముంది.

అపోహ: ముందు కోడ్ చెరిపేసి, మళ్లీ వస్తే అప్పుడు చూడవచ్చు.

వాస్తవం: కోడ్‌తోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చెరిగిపోతుంది. లోపం తలెత్తిన క్షణంలో ఇంజిన్ వేగం, లోడు, ఉష్ణోగ్రత ఎంతున్నాయో అందులోనే నమోదై ఉంటాయి కాబట్టి ముందుగా రాసిపెట్టుకోవాలి.

అపోహ: ఒకేసారి నాలుగైదు సెన్సర్ల కోడ్లు వస్తే ఈసీయూ పాడైనట్టే.

వాస్తవం: అత్యంత ఖరీదైన భాగాన్ని అన్నిటికంటే ముందు నిందించడం మా మెకానిక్ వృత్తిలో ఉన్న దురలవాటు. చాలా వాహనాల్లో పలు సెన్సర్లకు 5 వోల్టుల సరఫరా ఉమ్మడిగా ఉంటుంది. వాటిలో ఒకటి లోపల షార్ట్ అయితే మిగిలినవన్నీ తప్పుడు సిగ్నల్ పంపుతాయి. మల్టీమీటర్‌తో ఆ సరఫరాను గమనిస్తూ ఒక్కో సెన్సర్ కనెక్టర్‌ను ఊడదీస్తే, దేనిని తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వచ్చాయో లోపం అక్కడున్నట్టు. అన్నీ ఊడదీసినా వోల్టేజి రాకపోతే, ఈసీయూ జోలికి వెళ్లే ముందు ఆ సరఫరా వైరు ఎక్కడైనా ఒరిపిడికి గురై బాడీకి తగులుతున్నదేమో చూడాలి.