ఎలక్ట్రాన్, పాజిట్రాన్ నిజంగా మాయమవుతాయా?

ఎలక్ట్రానూ, అంతే బరువుతో ధనావేశం ఉండే దాని ప్రతికణం పాజిట్రానూ కలిస్తే రెండూ పోయి గామా కిరణాలు (బాగా ఎక్కువ శక్తి ఉన్న కాంతి) మిగులుతాయని మామూలుగా చెప్పే మాట. కాదు, అవి ఒకదానికొకటి అతుక్కుని తటస్థ జంటగా దాక్కుంటాయి, బయటికొచ్చేది బంధన శక్తి మాత్రమే అని ఇంకో వాదం ఉంది. ఇది నవ్వి వదిలేసే వాదం కాదు. శూన్యమంతా ఎలక్ట్రాన్లతో నిండి ఉందని, అందులో పడిన ఖాళీయే పాజిట్రాన్ అని భౌతిక శాస్త్రవేత్త డిరాక్ అంతటివాడే ఊహించాడు.

ఈ వాదానికి రుజువుగా చూపించే ప్రయోగం పాజిట్రాన్లను వదిలే రేడియోధార్మిక సోడియం-22తో చేసేది. దానికి చెరోవైపు, ఎదురెదురుగా, గామాలను పసిగట్టే రెండు సోడియం అయొడైడ్ స్ఫటికాలు పెట్టాలి. రెండింటిలోనూ ఒకేసారి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఒక్కో కణం ద్రవ్యరాశికి సమానమైన శక్తి) సంకేతం వస్తేనే లెక్కలోకి తీసుకోవాలి. ఒక స్ఫటికాన్ని పక్కకు జరిపితే ఆ లెక్క బాగా పడిపోవాలి. అనుకున్నంత పడలేదంటే ముందు 1275 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామాను అనుమానించండి. సోడియం-22 దాన్ని విడిగా వదులుతుంది. అది స్ఫటికంలో కొంత శక్తి మాత్రమే వదిలి బయటపడితే 511 దగ్గరే నమోదు కావచ్చు, పైగా అది ఏ దిశలోనైనా వస్తుంది. ఇంతా చేస్తే ఈ ప్రయోగం తేల్చేది ఏమీ లేదు. జంట మాయమైనా, దాక్కున్నా రెండు వైపులా వచ్చేది 511 గామాలే.

తేల్చేది జంట సైజు. విద్యుదాకర్షణ వల్ల 1.022 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు (రెండు 511లు కలిపి) విడుదల కావాలంటే రెండు కణాల మధ్య దూరం ఎంతుండాలి? ఈ యూనిట్లలో విద్యుదాకర్షణ స్థిరాంకమైన 1.44ను 1.022తో భాగిస్తే 1.4 ఫెమ్టోమీటర్లు. అంత ఇరుకులో కణాన్ని బంధిస్తే అనిశ్చితత్వ సూత్రం (ఎంత ఇరుకైతే అంత ఎక్కువ కదలిక అనే క్వాంటం నియమం) ప్రకారం దాని గతిశక్తి సుమారు 197 (ఆ నియమంలోని స్థిరాంకం) బై 1.4, అంటే 140 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. పట్టి ఉంచేది ఒకటి, తన్నుకుపోయేది నూట నలభై. ఆ జంట నిలవదు.

‘అంత దగ్గర్లో క్వాంటం సూత్రాలు చెల్లవు’ అంటారా? అయితే పాజిట్రోనియం సంగతి చెప్పాలి. రెండు కణాలూ కాసేపు పరమాణువులా తిరిగే ఈ జంట బంధన శక్తి 6.8 ఎలక్ట్రాన్ వోల్టులే. రెండు కణాల స్పిన్‌లు (బొంగరం తిరగడాన్ని పోలిన సహజ గుణం) ఎదురెదురుగా ఉంటే 0.125 నానోసెకన్లలో రెండు గామాలుగా పోతుంది. ఒకే వైపు ఉంటే 142 నానోసెకన్లు నిలిచి మూడు గామాలుగా పోతుంది. వెయ్యి రెట్లకు పైగా తేడా! దీన్ని సిలికా ఏరోజెల్ అనే సన్నని రంధ్రాల తేలికైన పదార్థంలో కొలవచ్చు: పాజిట్రాన్‌తో పాటే వచ్చే 1275 గామాతో గడియారం మొదలుపెట్టి, తర్వాత వచ్చే గామాతో ఆపాలి. గాలి పూర్తిగా తీయకపోతే ఆక్సిజన్ స్పిన్‌ను తిప్పేసి ఆయుష్షు తగ్గించేస్తుంది. ఈ రెండు ఆయుష్షులనూ క్వాంటం సిద్ధాంతం లెక్కగట్టి ఇస్తుంది. దాక్కునే జంట వాదం నుంచి ఆ అంకెలు ఎలా వస్తాయి?

ఇంకా గట్టిగా ఢీకొట్టించి చూడండి. ఎలక్ట్రాన్ కంటే 207 రెట్లు బరువైన మ్యూయాన్ల జంటలు పుడతాయి. 1974లో స్టాన్‌ఫర్డ్‌లో ఇలాంటి ఢీల నుంచే 3.1 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల కొత్త కణం బయటపడింది. శక్తి నుంచి కొత్త కణాలు పుడతాయని అక్కడ ఒప్పుకున్నాక, ఇక్కడ పాతవి శక్తిగా మారాయంటే అభ్యంతరం ఏమిటో ఆ వాదం చేసేవాళ్లే చెప్పాలి.