రంగంలో పుట్టిన పిల్లలు

మన కోస్తాలో పాతవాళ్ళు బర్మాలోని రంగూన్‌ని ‘రంగం’ అనేవాళ్ళు. కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి రేవు కూలీలుగా, రైసుమిల్లు పనివాళ్ళుగా వెళ్ళిన తెలుగువాళ్ళకి బర్మాలో ‘కోరంగీలు’ అని పేరు పడింది. అది కాకినాడ దగ్గరి పాత రేవు కోరంగి నుంచి వచ్చిన పేరు. వెళ్ళినవాళ్ళలో చాలామంది మగవాళ్ళే. కొందరు అక్కడి ఆడవాళ్ళతో కాపురం పెట్టారు. వాళ్ళ పిల్లల్ని బర్మా భాషలో ‘కబ్యా’ అన్నారు, అంటే కలగలుపు మనిషని.

చిక్కంతా పేరు దగ్గరే మొదలైంది. బర్మావాళ్ళకి ఇంటిపేరు ఉండదు. పిల్ల ఏ వారం పుడితే ఆ వారానికి చెల్లే అక్షరంతో పేరు పెడతారు. మన దగ్గరేమో మొదటి ప్రశ్నే ‘మీ ఇంటిపేరేంటి?’. బర్మా భార్యతో పెళ్ళిని ఇక్కడి కులం, శాస్త్రం ఒప్పుకునేవి కావు. తండ్రి పోయినా, ఊరికి తిరిగొచ్చేసినా ఆ తల్లీపిల్లలకి దిక్కు లేదు. ఇలాంటి గొడవలు ముదిరి, బౌద్ధ స్త్రీల వివాహాలు, వారసత్వం మీద 1939లో బర్మాలో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది.

అప్పటికే వీధులు వేడెక్కి ఉన్నాయి. 1930 మేలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ బదులు బర్మా కూలీల్ని పెట్టుకున్నారు. సమ్మె తెగాక కొత్తవాళ్ళని పొమ్మన్నారు. ఆ రగడలో వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. నాన్న కూలీ, అమ్మ బర్మా మనిషి అయిన ఇంట్లో ఆ రాత్రి తలుపు ఎవరికి వేసుకోవాలి?

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. లక్షలమంది భారతీయులు అడవులు, కొండలు దాటి మణిపూర్ వైపు నడిచారు. దారిపొడవునా కలరా, మలేరియా, ఆకలి. కబ్యా పిల్లలున్న ఇళ్ళలో నడిచేదెవరు, ఆగిపోయేదెవరు అన్నది పెద్ద లెక్క.

యుద్ధం ముగిసినా లెక్క తేలలేదు. 1962లో సైన్యాధిపతి నె విన్ సైన్యంతో గద్దెనెక్కాడు. దుకాణాలు సర్కారు పరమయ్యాయి. 1964 మేలో బర్మా డబ్బులో 50, 100 చాట్ల నోట్లు రద్దయ్యాయి. దాచుకున్నది కాగితమైపోయాక, మళ్ళీ ఓడలు. అలా వచ్చినవాళ్ళ గుర్తుగానే విశాఖ కంచరపాలెంలో ఇవాళ్టికీ బర్మా క్యాంపు ఉంది.

అక్కడే ఉండిపోయినవాళ్ళకి 1982లో పౌరసత్వ చట్టం ఎదురైంది. 1823కి ముందే బర్మాలో స్థిరపడిన జాతులవాళ్ళకే పుట్టుకతో పూర్తి పౌరసత్వం. మిగతావాళ్ళకి కింది తరగతులు. తల్లి వైపు ఎన్ని తరాలున్నా, తాత మన రేవులో ఓడెక్కింది ఆ తర్వాతే.